నవాబుపేట నుంచి ఎంబసీకి: స్టూడెంట్ ఇంటర్న్‌షిప్ ఎవరికి దొరుకుతుంది, చేరేముందు ఏం చూసుకోవాలి?

నవాబుపేట మండలంలో ఉంటూ డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయికి విదేశాంగ శాఖలో పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలని ఉందనుకోండి. వికారాబాద్ నుంచి ఎంఎస్ కోసం జర్మనీ వెళ్లిన అబ్బాయికి బెర్లిన్‌లోని భారత ఎంబసీలో మూడు నెలలు ఇంటర్న్‌గా చేయాలని ఉందనుకోండి. ఇద్దరి కోరికా ఒకటే అయినా దారులు వేరు, కాగితాలూ వేరు. దారి తప్పితే ఆ అమ్మాయికి ఒక ఏడాది పోతుంది. ఆ అబ్బాయికైతే వీసాకే ఎసరు రావచ్చు.

ఇక్కడే చదువుతుంటే ఢిల్లీ దారి

ఇక్కడ ఉన్న విద్యార్థిని ఇంటర్న్‌షిప్ కోసమే విదేశంలోని భారత ఎంబసీకి పంపే పథకం ఏదైనా ఉందా అని చాలామంది వెతుకుతుంటారు. మీకు దగ్గరగా ఉన్న అసలు అవకాశం ఢిల్లీలో ఉంది. విదేశాంగ మంత్రిత్వ శాఖ తన ప్రధాన కార్యాలయంలో ఏడాదికి రెండు విడతలుగా, జనవరి–జూన్, జులై–డిసెంబర్ కాలాలకు ఇంటర్న్‌లను తీసుకుంటుంది. దరఖాస్తు శాఖ ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లోనే చేయాలి.

డిగ్రీ పూర్తయి ఉండాలి. కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయితే చివరి ఏడాది విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటర్న్‌షిప్ చేసే ఏడాది డిసెంబర్ 31 నాటికి వయసు 25 దాటకూడదు. మొదట ఇంటర్, డిగ్రీ మార్కులు చూస్తారు, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. అన్ని రాష్ట్రాలకూ చోటు దక్కేలా రాష్ట్రాలవారీగా ఎంపిక చేస్తారు కాబట్టి మీ పోటీ ప్రధానంగా తెలంగాణ అభ్యర్థులతోనే. ఆకాంక్షిత జిల్లాల వారికి ప్రాధాన్యం ఉంది. తెలంగాణలో ఆ జాబితాలో ఉన్నవి ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. వికారాబాద్ లేదు. వెనుకబడిన జిల్లా అని మనకు మనం అనుకున్నంత మాత్రాన ఆ వెయిటేజీ రాదు, ఫారంలో అలా పెట్టకండి.

నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తారు. సొంత రాష్ట్రం నుంచి గానీ, కాలేజీ ఉన్న చోటు నుంచి గానీ ఢిల్లీకి ఒకసారి రానుపోను ఎకానమీ విమాన ఛార్జీ కూడా ఇస్తారు. వసతి, భోజనం మీరే చూసుకోవాలి. ఢిల్లీలో పీజీ అద్దె, మెట్రో ఖర్చు లెక్కేస్తే ఆ పదివేలలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. మూడు నెలలకు ఇంటి నుంచి ఎంత సర్దాలో ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. సగంలో తిరిగి వస్తే సర్టిఫికెట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

విదేశంలో చదువుతుంటే ముందు వీసా

విదేశాల్లోని భారత ఎంబసీలు, కాన్సులేట్లు ఇంటర్న్‌లను తీసుకున్నప్పుడు సాధారణంగా ఆ దేశంలో ఇప్పటికే చదువుతున్న భారతీయ విద్యార్థులవైపే చూస్తాయి. కారణం సులభం. ఎంబసీ మన దేశానిదే అయినా మీరు ఉంటున్నది వాళ్ల నేల మీద, మీ వీసా ఇచ్చింది వాళ్ల ప్రభుత్వం. 'మన ఎంబసీయే కదా, మనల్ని ఎవరడుగుతారు' అనుకోవడం చాలా ప్రమాదం. టూరిస్ట్ వీసా మీద వెళ్లి ఇంటర్న్‌షిప్ చేద్దామనే ఆలోచన అసలే వద్దు.

ఒక్కో దేశానికి ఒక్కో లెక్క. జర్మనీలో విదేశీ విద్యార్థులు 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. మీ కోర్సులో తప్పనిసరిగా ఉన్న ఇంటర్న్‌షిప్ ఇందులోకి రాదు. మీ అంతట మీరు చేసేది మాత్రం జీతం లేకపోయినా ఈ రోజుల్లోంచే పోతుంది. అప్పటికే రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్ చేస్తూ రోజులు వాడేసినవారు ఇక్కడే దెబ్బతింటారు. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి విద్యార్థులకు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే, జీతం లేని పనీ అందులో లెక్కే. కెనడాలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో పదిహేను రోజులకు 48 గంటలు.

అమెరికాలో ఎఫ్1 వీసా మీద ఉన్నవారికి దారి సీపీటీ. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయి, ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో భాగమై, యూనివర్సిటీలోని డీఎస్ఓ కొత్త ఐ20 మీద అనుమతి రాసి ఇచ్చాకే మొదటి రోజు పనికి వెళ్లాలి. జీతం లేదు కదా అని అడగకుండా చేరిపోకండి. ఒక మెయిల్‌తో తేలే విషయం, తర్వాత హెచ్1బీ దరఖాస్తులో ప్రశ్నగా మారుతుంది.

ఇంకో మాట. అమెరికా విదేశాంగ శాఖ తన ఎంబసీల్లో నడిపే స్టూడెంట్ ఇంటర్న్‌షిప్ ఆ దేశ పౌరులకే. గ్రీన్‌కార్డు ఉన్నా కుదరదు. అక్కడే పుట్టి పెరిగిన మీ అక్క కొడుకో, బాబాయి కూతురో అయితే ప్రయత్నించవచ్చు. సెక్యూరిటీ క్లియరెన్స్‌కు నెలలు పడుతుంది కాబట్టి చాలా ముందుగా మొదలుపెట్టమనండి.

వికారాబాద్‌లోనే తేల్చుకోగల కాగితాలు

పాస్‌పోర్ట్ లేకపోతే హైదరాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు, వికారాబాద్ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ తీసుకోవచ్చు. 36 పేజీల పాస్‌పోర్ట్‌కు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే అదనంగా 2,000. ప్రస్తుత చిరునామా అంటే మీరు నిజంగా ఉంటున్న చోటు. హైదరాబాద్ హాస్టల్‌లో ఉంటూ ఊరి చిరునామా ఇస్తే, వెరిఫికేషన్‌కు పోలీసులు వచ్చినప్పుడు మీరు దొరకరు, ఫైల్ అక్కడే ఆగుతుంది.

మనవాళ్లకు అసలు తలనొప్పి పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో అసలు లేకుండా ఉన్నవారు ఎందరో. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరు ముందు 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఎంబసీలో భద్రతా తనిఖీ కాగితాల మీదే నడుస్తుంది. పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటే ఆఫర్ వచ్చాక సరిదిద్దుకునే టైం ఉండదు. దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగితే పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి, రుసుము 500 రూపాయలు. కాలేజీ నుంచి బోనఫైడ్, అభ్యంతరం లేదనే లేఖ సాధారణంగా కావాలి. సర్టిఫికెట్లకు అపోస్టిల్ చేయించమని కన్సల్టెన్సీలు తొందరపెడతాయి. ఎంబసీ రాతపూర్వకంగా అడిగితే తప్ప ఇంటర్న్‌షిప్ కోసం ఆ ఖర్చు అనవసరం.

చేరిన రోజు

ఎంబసీలో పనిచేసినంత మాత్రాన దౌత్య రక్షణ రాదు. 1961 వియన్నా ఒప్పందం కల్పించే రక్షణలు దౌత్యవేత్తలకు, ఆతిథ్య దేశానికి పేరు తెలియజేసిన సిబ్బందికి. స్టూడెంట్ వీసా మీద ఉన్న ఇంటర్న్ ట్రాఫిక్ చలానా నుంచి అద్దె గొడవ దాకా స్థానిక చట్టానికి లోబడే ఉంటారు. మీ పాస్‌పోర్ట్ కూడా మామూలు నీలం రంగుదే.

గోప్యత పత్రం మీద సంతకం పెట్టమంటారు, చదివి పెట్టండి. లోపలి ఫోటో స్టేటస్‌లో పెట్టడం, చూసిన ఫైల్ గురించి లింక్డిన్‌లో రాయడం మీ ఇంటర్న్‌షిప్‌ను ఆ రోజుతోనే ముగించగలవు. పని ఎక్కువగా పత్రికల సారాంశాలు, కార్యక్రమాల ఏర్పాట్లు, పరిశోధన నోట్లు. రాయబారి పక్కన కూర్చుంటామన్న ఊహతో వెళ్తే నిరాశే. పని గంటలు, వారంలో ఏయే రోజులు, ఎవరి కింద పనిచేయాలి అన్నవి మొదటి వారంలోనే మెయిల్‌లో రాయించుకోండి, యూనివర్సిటీకి చూపించడానికి పనికొస్తుంది.

డబ్బు అడిగితే

భారత ఎంబసీ ఇంటర్న్‌షిప్‌కు రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ప్రాసెసింగ్ ఛార్జీ అంటూ ఎవరైనా యూపీఐ నంబర్ పంపితే అది మోసం. ఎంబసీల అధికారిక మెయిళ్లు సాధారణంగా ఎంఈఏ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తాయి. జీమెయిల్ నుంచి వచ్చిన ఆఫర్ లెటర్ మీద అశోక చక్రం ముద్ర ఎంత పెద్దదున్నా నమ్మకండి, ఎంబసీ వెబ్‌సైట్‌లోని నంబర్‌కు మీరే ఫోన్ చేసి అడగండి. డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. విదేశంలో ఉండి ఇబ్బందుల్లో పడితే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ పని నవాబుపేటలో ఉన్న మీ ఇంట్లోవాళ్లూ చేయగలరు.