పాత ఎఱుపునకు క్రొత్త ఎఱుపు

పాత మోటారు కార్లను ముచ్చటపడి కాపాడుకొనువారు పట్టణములలో కొందఱు గలరు. బండిపై గీత పడినచో దానిని కప్పుటకు తగిన రంగు దొరకుట వారికి పెద్ద చిక్కు. డబ్బామీది పేరు, బండి పుట్టిననాటి పేరు ఒక్కటే; పూసి చూచినచో వన్నెలు మాత్రము వేఱు. ఏండ్ల తరబడి ఎండలో నిలిచిన రంగు తన పేరును దాటిపోవును గదా! ఈ చిక్కు మా చీరాలకు క్రొత్తది గాదు. ఇచ్చట అది ఇనుపరేకుమీద గాక నూలుమీద పుట్టినది.

చీరాల 1970 వఱకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. ఈ యూరి నేతగాండ్రు నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోయెడివి. 'రుమాలు' పారసీక పదము. ముఖము తుడుచునది యని యర్థము. 'తేలియా' యన నూనె గలది. తిలలనుండి తైలము, తైలమునుండి హిందుస్థానీ 'తేల్' వచ్చినవి. తెలుపు, ఎఱుపు, నలుపు - ఈ మూడే దాని వన్నెలు.

ఆ పేరు ఊరక రాలేదు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనుండి తీసిన తేటనీటిలోను, గొఱ్ఱె పెంటికలతో గూడ నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మరల నానబెట్టెడివారు. ఈ పని రెండు మూడు వారములు సాగెడిది. ఇట్లు నూనె త్రాగిన నూలు ఎఱుపును గట్టిగా పట్టుకొనును. అటుపిమ్మట నూలుకు కట్లు కట్టి రంగులో ముంచెదరు. కట్టు క్రింద రంగు సోకదు; అదియే నేతలో తెల్లని బొమ్మయై తేలును.

ఎఱుపునకు మూలము చిరివేరు. ఇది మన కోస్తా ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క వేరు. గవ్వలు కలిసిన నేలలోని సున్నము ఆ ఎఱుపునకు మెఱుపు నిచ్చును. పటిక తోడైనచో ఎఱుపు, ఇనుము తోడైనచో నలుపు డాలు. వ్యాకరణము చదివినవానికి ఇది వింత గాదు: ధాతువు ఒక్కటే, ప్రత్యయము మాఱగా అర్థము మాఱును. తెలుగు, సంస్కృతము నేర్చిన ఫ్రెంచి మతాచార్యుడు కూర్దూ 1742లో మన అద్దకపు పద్ధతులను లేఖగా వ్రాసి స్వదేశమునకు పంపెను. మన అద్దకపుపని రహస్యములకై ఐరోపా ఎంతగా ఆరాటపడెనో దీనివలన తెలియును.

1826లో ఫ్రెంచి రసాయనజ్ఞులు మంజిష్ఠ జాతి వేరునుండి అలిజరిను అను వర్ణద్రవ్యమును విడదీసిరి. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను పండితులు దానిని తారునుండి వచ్చు పదార్థముతో ప్రయోగశాలలో చేసిరి. చిరివేరులోనిదియు ఆ అలిజరినే. మరుసటి యేటినుండి కర్మాగారములు దానిని తయారుచేయసాగెను. క్రమముగా చీరాల అద్దకపువారును డబ్బాలోని అలిజరినునకు తిరిగిరి. వేళ్లు త్రవ్వి బ్రదికినవారి జీవనము సన్నగిల్లినది. అయితే రెండు ఎఱుపులును సరిసమానములు గావు. వేరులో అలిజరినుతో బాటు దాని బంధువులైన వన్నెలు కొన్ని కలిసియుండును; డబ్బాలోనిది ఒంటరి.

నా మిత్రుడొకడు తన తాతగారి రుమాలుకు పడిన చిల్లును ఎఱ్ఱని నూలుతో రఫూ చేయించెను. దుకాణములో దీపము క్రింద నూలు రుమాలులో కలిసిపోయెను. ఇంటి వాకిట, ఎండలో, అది గాయమువలె కనబడెను. కారణము స్పష్టము. రెండు రంగులు వేర్వేరు పదార్థములతో చేయబడి ఒక వెలుగులో ఒక్కటిగా తోచి, మఱియొక వెలుగులో విడిపోవచ్చును. కావున రంగు పోల్చువాడు సూర్యకాంతిలోను, దీపకాంతిలోను గూడ చూడవలెను.

పొరుగు వన్నె సైతము కన్నును మోసగించును. పారిసులోని గోబెలిన్ నేతశాల అద్దకములకు 1824లో అధికారియైన షెవ్రోల్, తమ నలుపు నూలు వెలవెలబోవుచున్నదను ఫిర్యాదును విచారించెను. నూలులో దోషము లేదు. ప్రక్కనున్న నీలివన్నెలు నలుపును వెలవెలబోవ జేయుచుండెను. ఆయన తన సిద్ధాంతమును 1839లో గ్రంథముగా ప్రకటించెను. రుమాలులో తెలుపు నలుపుల నడుమనున్న ఎఱుపును అదే చోట ఉంచి పోల్చవలెను గాని, చేతిలో విడిగా పట్టి పోల్చరాదు.

ఏ ఎఱుపుతో పోల్చవలెను? మడతలో దాగినచోట తొలినాటి వన్నె ఇంచుక మిగిలియుండును, పైభాగము వెలసియుండును. అతుకు పడునది పైభాగముననే కావున, వెలసిన వన్నెకే జోడించుట న్యాయమని నా తీర్పు. మొదట చిన్న నూలుపోగును అద్ది, ఉతికి, ఎండబెట్టి, ఆరినపిమ్మటనే నిర్ణయింపవలెను; తడినూలు ఎల్లప్పుడును ముదురుగా తోచును.

అతుకు కనబడకుండుటకై రుమాలునంతయు ముంచి క్రొత్తగా అద్దించువారు గలరు. అది చేయదగదు. నేటి రసాయనజ్ఞుడు ఒక్క పోగును పరీక్షించి, ఈ ఎఱుపు వేరుదో, కర్మాగారముదో చెప్పగలడు. తేలియా రుమాలు నేత నేడు తెలంగాణములోని పుట్టపాకలో నిలిచి, 2020లో భౌగోళిక సూచిక పొందినది, అది సంతోషమే. కాని చీరాల అద్దకపువారు తమ పాళ్లను తాళపత్రములలో వ్రాసియుంచలేదు, నూలులోనే వ్రాసిరి. రుమాలును తిరిగి అద్దించినచో ఆ వ్రాత చెరిగిపోవును. మీ యింటి పెట్టెలో అట్టి గుడ్డయుండి, దానికి చిల్లు పడినచో చక్కగా అతుకు వేయింపుడు. దగ్గఱగా చూచినవానికి ఆ అతుకు తెలిసినను తప్పులేదు.