శిశుశాలలలో శౌచాభ్యాసము

పసిబిడ్డకు శౌచము నేర్పుటయు నొక చరిత్రయా యని పెద్దలు నవ్వవచ్చును. రాజుల దండయాత్రలు మాత్రమే చరిత్ర యనుకొన్న కాలము గడచినది. ఒక ప్రభుత్వము వేలకొలఁది శిశుశాలలు పెట్టి బిడ్డలను గుంపులుగఁ బెంపఁబూనినప్పుడు ఈ చిన్నపని యెట్టి రూపు దాల్చెనో వినుఁడు.

మన యిండ్లలోఁ దల్లియో అమ్మమ్మయో కాళ్లు చాఁచి కూర్చుండి, పాదములమీఁద బిడ్డను గూర్చుండఁబెట్టుట వాడుక. మొగము చూచియే ఆమె వేళ కనిపెట్టును. ఇది బిడ్డకు వచ్చిన అదుపు కాదు, తల్లి నేర్పు. ఒక బిడ్డకు ఒక మనిషి యుండుటచేతనే యిది సాగినది. ఇరువదిమందికి ఇద్దఱే యున్నచోట నేమగును?

తూర్పు జర్మనీ 1949 మొదలు 1990 వఱకుఁ బ్రత్యేకరాజ్యముగ నుండెను. అచ్చటఁ బనివారు చాలక కర్మాగారములకు స్త్రీలు కావలసివచ్చిరి. అందుచేతఁ బ్రభుత్వము మూఁడేండ్లలోపు బిడ్డలకు శిశుశాలలు స్థాపించెను. ఆ రాజ్యపు చివరి సంవత్సరములలో ఆ వయసు బిడ్డలలో నూటికి సుమారు 80 మంది పగలెల్ల వానిలోనే గడపుచుండిరి. అందఱి గుడ్డలు ఉదుకుట సామాన్యమైన చాకిరి కాదు. కావున అలవాటు త్వరగాఁ జేయనెంచి, వరుసగ మలపాత్రలు అమర్చిన పొడవైన బల్లపై బిడ్డలనందఱిని ఒకే వేళకుఁ గూర్చుండఁబెట్టిరి. చాలచోట్ల అందఱి పనియు ముగియువఱకు ఎవ్వరును లేవరాదు. అట్టి బల్ల యొకటి బెర్లిను నగరపు డిడిఆర్ మ్యూజియములోఁ జేరినది.

1999లో క్రిస్టియన్ ఫైఫర్ అను నేరశాస్త్రజ్ఞుఁడు, తూర్పు ప్రాంతపు యువకులలో విదేశీయులపై హింస ప్రబలుటకు ఇట్టి గుంపు పెంపకమే కారణమని వాదించి, యీ బల్లను దృష్టాంతముగఁ జూపెను. తూర్పువారు మండిపడిరి. నా మట్టుకు నిది యతివాదమే. ఆ బల్లపైఁ గూర్చుండి పెరిగినవారిలో అత్యధికులు మనవలెనే సంసారములు చేసికొనుచున్న సాధువులు. అయినను బల్ల నిర్దోషి యనుటకు వీలులేదు.

ఏలయన, స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున వైద్యులు రెండు తరముల బిడ్డలను బుట్టినది మొదలు పరిశీలించిరి. 1950 తరువాతి దశకమునఁ బుట్టిన దాదాపు అందఱికిని మొదటి యేటనే అభ్యాసము మొదలిడిరి. 1970 తరువాతివారికి చాల ఆలస్యముగ మొదలిడిరి. 1996లో రేమో లార్గో ప్రభృతులు ప్రకటించిన ఫలితమేమన, మూత్రముపై అదుపు రెండు తరములకును ఇంచుమించు ఒకే వయసున వచ్చెను. తొందరపడిన తల్లులకు మిగిలినది వట్టి శ్రమ.

వేగములను ఆపుకొనరాదనుట మనలోఁ బ్రసిద్ధమే. వాగ్భటుఁడు అష్టాంగహృదయమందలి దినచర్యాధ్యాయమున వానిని బలవంతముగఁ బుట్టింపరాదనియుఁ జెప్పెను. జర్మనులు మీఱినది ఈ రెండవ విధిని. మన అంగన్వాడీలలో భంగమగుచున్నది మొదటిది.

1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకము కింద నివి వెలసినవి. మూఁడేండ్లు నిండిన బిడ్డలు ఆటపాటలకు వచ్చుచున్నారు. అయినను మరుగుదొడ్డి లేని కేంద్రములును, ఉండియు నీరు లేనివియు నింకను గలవు. అచ్చటి బిడ్డ యింటికిఁ బోవువఱకు బిగఁబట్టుకొనును. బిగఁబట్టిన మలము గట్టిపడును, నొప్పి పుట్టును, నొప్పికి వెఱచి మఱలఁ బిగఁబట్టును, కడకు వానికిఁ దెలియకయే గుడ్డలోఁ బోవును. అప్పుడు ఆయా నలుగురిలోఁ దిట్టినచో, ఇంటికి వచ్చినపిమ్మట మనమును రెండు తగిలించినచో, వాఁడు నేర్చునది శౌచము కాదు, దాఁచుకొనుట.

పంచాయతీలో నడుగవలసినవి పెద్ద వస్తువులు కావు: కాళ్లు నేలకానునంత చిన్న పీట, చేతికందు నెత్తున నీటితొట్టి, లోపలనుండి గడియ పడని తలుపు. మనుమని సంచిలో మార్పుగుడ్డ యొకటి యుంచుఁడు. మొదటి దినమున వెంటఁబోయినప్పుడు, మీ యింట ఆ పనికి బిడ్డ వాడు మాట యేదో ఆయాకుఁ జెప్పి రండు. ఆ మాట యింటింటికి వేఱు. వాఁడు పదిసార్లు అడిగినను ఆమెకుఁ దెలియకపోవచ్చును.