వెనక డ్రమ్ముల కథ: 1902 నుంచి మా తిరువూరు దాకా

  నేను తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి విషయం కాస్త మెకానిక్ షెడ్డు వాసన వచ్చే విషయమే. కానీ ఇందులో నూటపాతికేళ్ల చరిత్ర ఉంది, నా తప్పు ఒకటి ఉంది, ఆ తప్పు వల్ల మా అమ్మకి జరగబోయి తప్పిన ప్రమాదం ఉంది. అందుకని చివరిదాకా వినండి.

కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "అన్నా, కారుకి వెనక డ్రమ్ములు తీసేసి డిస్క్ బ్రేకులు వేయిద్దామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" డ్రమ్ము పాతది, డిస్కు కొత్తది, పాతది తీసి కొత్తది పెడితే మంచిదేగా అని వాళ్ల లెక్క. కొన్నేళ్ల కిందట నా లెక్కా అదే. అది ఎక్కడ తప్పిందో తెలియాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదటి ఆశ్చర్యం ఏంటంటే, ఈ రెండూ ఒకే ఈడువి. ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ బ్రేకుకి ఒక రూపం తెచ్చింది 1902లో. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నదీ 1902లోనే. మరి డిస్కు అప్పుడే ఎందుకు గెలవలేదు? లాంచెస్టర్ దగ్గర సరైన ప్యాడ్లు లేవు. తిరిగే పళ్లేన్ని రాగి ముక్కలతో నొక్కితే చెవులు చిల్లులు పడే చప్పుడు. పైగా దుమ్ము రోడ్ల మీద ఆ రాగి ఇట్టే అరిగిపోయేది. డ్రమ్ము అలా కాదు. లైనర్లు లోపల ఉంటాయి, పైన మూత ఉంటుంది, దుమ్ము తక్కువ పడుతుంది. అందుకని తర్వాత యాభై ఏళ్లూ డ్రమ్ముదే రాజ్యం.

రెండో ఆశ్చర్యం. తొలి రోజుల్లో చాలా కార్లకి ముందు చక్రాలకి బ్రేకులే ఉండేవి కావు! హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన, 1912 నాటి కారు. లోపల సింహాసనం లాంటి సీటు. అంత వైభోగం ఉన్న కారుకి కూడా ముందు చక్రాల మీద బ్రేకు లేదు. సిల్వర్ ఘోస్ట్‌కి ముందు బ్రేకులు వచ్చింది 1920ల మధ్యలో. తిరిగే స్టీరింగుతో పాటు కదిలే చక్రానికి కడ్డీలు, తీగలు బిగించి బ్రేకు లాగడం అప్పట్లో చాలా కష్టం. పైగా ముందు చక్రాలు పట్టేస్తే బండి పల్టీ కొడుతుందేమోనన్న భయం.

ఆ చిక్కు విడిపోయింది బ్రేక్ ఆయిల్‌తో. అమెరికాలో మాల్కమ్ లాకీడ్ తయారుచేసిన హైడ్రాలిక్ పద్ధతిని 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకీ పెట్టారు. గొట్టంలో ఆయిల్‌ని నొక్కితే ఆ ప్రెజర్ నాలుగు మూలలకీ సమానంగా పోతుంది. ఈ 'సమానంగా' అన్న మాట గుర్తుపెట్టుకోండి. నా తప్పు అక్కడే ఉంది.

ఎందుకంటే ప్రెజర్ సమానంగా పోతుంది గానీ, చక్రాల మీద బరువు సమానంగా ఉండదు. బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవరు బ్రేకు కొడితే మనం ముందుకి తూలుతాం కదా, కారు కూడా అలాగే ముందుకి వంగుతుంది. ముందు చక్రాలు రోడ్డుకి అదుముకుంటాయి, వెనకవి తేలిపోతాయి. గట్టిగా తొక్కినప్పుడు ఆపే పనిలో సుమారు డెబ్బై శాతం ముందు చక్రాలదే. తేలిపోయిన వెనక చక్రాన్ని అప్పుడు గట్టిగా పట్టుకుంటే అది తిరగడం ఆగిపోయి జారుతుంది. వెనక చక్రాలు జారాయంటే కారు బొంగరమే.

ఇప్పుడు 1953కి వద్దాం. ఫ్రాన్సులో లె మాన్ 24 గంటల రేసు. డన్‌లప్ తయారుచేసిన డిస్క్ బ్రేకులతో జాగ్వార్ సి-టైప్ గెలిచింది. సగటు వేగం గంటకి 100 మైళ్లు దాటింది, ఆ రేసులో అదే మొదటిసారి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనర్ నుంచి దూరం జరుగుతుంది, పట్టు సడలుతుంది. డిస్కు గాలికి బయటే ఉంటుంది, త్వరగా చల్లారుతుంది, వేడెక్కి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. మిగతా వాళ్లు ముందే బ్రేకు తొక్కాల్సిన మలుపు దగ్గర జాగ్వార్ డ్రైవర్లు ఇంకా కొంచెం దూరం పోయి తొక్కగలిగారు.

రెండేళ్లకి, 1955లో, సిట్రోయెన్ డీఎస్ వచ్చింది. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో డిస్క్ బ్రేకులకి పేరు తెచ్చింది అదే. అంత కొత్త ఆలోచనలున్న కారులోనూ డిస్కులు ముందు చక్రాలకే. వెనక మాత్రం డ్రమ్ములే ఉంచారు. డబ్బు మిగుల్చుకోవడానికే అని కొట్టిపారేయకండి. వెనక పని తక్కువ, వేడి తక్కువ, హ్యాండ్ బ్రేకు డ్రమ్ములో సులువుగా ఇముడుతుంది.

మన దేశానికి వస్తే అంబాసిడర్, పద్మిని కార్లు ఏళ్ల తరబడి నాలుగు డ్రమ్ములతోనే తిరిగాయి. 1962లో మద్రాసులో బ్రేక్స్ ఇండియా మొదలైంది. మారుతి వచ్చాక మెల్లగా ముందు డిస్కు, వెనక డ్రమ్ము అనే జోడీ మనకి మామూలైంది. మా నాన్న కొన్న 1990ల నాటి సెడాన్ కూడా అలాంటిదే.

ఆ కారు నా చేతికొచ్చాక నాకు డిస్కుల పిచ్చి పట్టింది. ఒక షెడ్డులో, వేరే పెద్ద కారు నుంచి తీసిన వెనక డిస్కు సెట్టు వేయించాను. అలాయ్ వీల్ సందులోంచి డిస్కు మెరుస్తుంటే అదో గర్వం. పెడల్ కాస్త కిందికి దిగుతోందని అనిపించినా పట్టించుకోలేదు. హ్యాండ్ బ్రేకు తీగ ఆ క్యాలిపర్‌కి కుదరలేదు, "తర్వాత చూద్దాంలే" అన్నారు. మా ఇంటి ముందు కొంచెం వాలు. రోజూ చక్రం కింద ఇటుక పెట్టేవాణ్ణి. నాన్న చూసి, "ఎడ్లబండికి పెట్టినట్టు పెడుతున్నావేంట్రా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

జూన్ నెల, తొలకరి వాన. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, విజయవాడలో చూపించుకుని వస్తున్నాం. మైలవరం దాటాక ఒక మామిడికాయల ట్రాక్టరు పక్క దారిలోంచి రోడ్డెక్కింది. బ్రేకు తొక్కాను. నేనేం అరవై మించి పోవట్లేదు. ముందు భాగం ఆగినట్టే ఉంది, వెనక భాగం మాత్రం నా పక్కనుంచి ముందుకొచ్చేస్తోంది! ఒక్క క్షణంలో కారు తిరిగిపోయి, మైలవరం వైపు ముఖం పెట్టి మార్జిన్‌లో ఆగింది. వెనకొస్తున్న లారీ ఎలాగో ఆపుకున్నాడు. నల్లద్దాల్లో ఉన్న అమ్మకి ఏం కనపడలేదు. "ఏరా, మళ్లీ వెనక్కి పోతున్నామా?" అంది. నాకు నోట మాట రాలేదు.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీకి చూపించాను. ఆయన చక్రం విప్పి, అడిగింది ఒకటే మాట. "డిస్కులు వేశారు సరే బాబూ, ముందుకీ వెనక్కీ ప్రెజర్ లెక్క ఎవరు చూశారు?"

పాత డ్రమ్ములో ఉన్న వీల్ సిలిండర్ నా వేలంత లావు. కొత్త క్యాలిపర్‌లో పిస్టన్ రూపాయి బిళ్ల కన్నా పెద్దది. ఆయిల్ ప్రెజర్ అదే అయినా, వైశాల్యం పెరిగితే నొక్కే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. అంత పిస్టన్‌ని కదపాలంటే ఆయిల్ కూడా ఎక్కువ కావాలి, అందుకే పెడల్ దిగింది. వెనక్కి పోయే ప్రెజర్‌ని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ ఒకటుంటుంది. నా కారులో అది డ్రమ్ముల లెక్కకి అమర్చింది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పొడి రోడ్డు మీద ఇవేవీ బయటపడలేదు. తడి రోడ్డు మీద ఒక్క తొక్కుడుకి బయటపడ్డాయి. ఆ కారుకి ఏబీఎస్ లేదు. మన దేశంలో కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే.

డిస్కులు తీయించేసి డ్రమ్ములే పెట్టించాను. లీకవుతున్న పాత వీల్ సిలిండర్లు మార్చి, కొత్త లైనర్లు వేసి, అడ్జస్టర్ శుభ్రం చేసి, కొత్త ఆయిల్ పోసి గాలి తీశారు. నిజం చెప్పాలంటే, మొదట నాకు "బ్రేకు సరిగా పట్టట్లేదు" అనిపించిన జబ్బంతా ఆ లీకులోనే ఉంది. అప్పుడే డ్రమ్ము విప్పి చూపించుకుని ఉంటే ఈ కథే లేదు.

మరి వెనక డిస్కులు తప్పా? కానే కాదు. కంపెనీ నాలుగు డిస్కులతో చేసిన కారులో మాస్టర్ సిలిండర్, వాల్వ్, హ్యాండ్ బ్రేకు అన్నీ ఒకదానికొకటి లెక్క కట్టి పెడతారు. మనం ఒక్క ముక్క ఎత్తుకొచ్చి తగిలిస్తే ఆ లెక్క చెదురుతుంది. చట్టం కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు అడిగే ప్రశ్నలకి మన దగ్గర జవాబుండాలి.

చివరగా ఒక ముచ్చట. ఫోక్స్‌వ్యాగన్ తన ఎలక్ట్రిక్ కార్లు ఐడీ.3, ఐడీ.4కి వెనక ఏం పెట్టిందో తెలుసా? డ్రమ్ములు! ఎలక్ట్రిక్ కారుని చాలావరకు మోటారే ఆపుతుంది. వాడకం తగ్గిన డిస్కు తుప్పు పడుతుంది, మూత ఉన్న డ్రమ్ముకి ఆ బాధ తక్కువ. లాంచెస్టర్ కాలంలో దుమ్ము దగ్గర గెలిచిన ఆ మూతే ఇప్పుడు మళ్లీ అక్కరకొచ్చింది.

కాబట్టి తమ్ముళ్లూ, డిస్కులు కొనే ముందు ఒకసారి ఉన్న డ్రమ్ములు విప్పించి చూడండి. టైర్లు చూడండి, ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తుచేసుకోండి. మా వీధిలో ఆ ఇటుక ఇంకా గోడ పక్కనే ఉంది. నేను తీయలేదు, కారు ఎక్కేటప్పుడు కనపడుతుందని.