ఒకే జలప్రళయం, రెండు కథనాలు

నోవహు ఓడలోకి ఏ జంతువులు ఎన్నెన్ని ఎక్కాయి? ఆదికాండము ఆరో అధ్యాయం ప్రతి జాతిలోనూ ఒక్కో జత అంటుంది. ఏడో అధ్యాయం మొదట్లో పవిత్ర జంతువులైతే ఏడేసి అని ఉంటుంది. వరద లెక్క ఒకచోట 40 రోజులు, మరోచోట 150. ఇలాంటి చోట్ల ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివినవాళ్ల వల్లే హెబ్రీ లేఖనాల మూలాలను వెతికే విద్య పుట్టింది.

తోరా అనే తొలి ఐదు కాండాలనూ మోషే రాశాడన్నది యూదులూ క్రైస్తవులూ తరతరాలుగా నమ్మిన మాట. మరి వాటిలోనే ఉన్న మోషే మరణం గురించి రాసిందెవరు? 12వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా ఇలాంటి సందేహాలను గూఢంగా సూచించి ఊరుకున్నాడు. 1670లో స్పినోజా వాటిని బయటపెట్టి, ఈ కాండాలు మోషే తర్వాత చాలా కాలానికి కూర్చినవని వాదించాడు. పుస్తకం మీద తన పేరు వేసుకోలేదు. 1678లో కాథలిక్ మతగురువు రిషార్ సిమోన్ ఇదే దారిలో రాస్తే, అచ్చయిన ప్రతులను ధ్వంసం చేసి, ఆయన్ని మఠసంఘం నుంచి వెళ్లగొట్టారు.

అసలు మలుపు 1753లో ఒక వైద్యుడి చేతిలో వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఆస్ట్రుక్ మోషేను సమర్థించడానికే పూనుకున్నాడు. దేవుణ్ణి ‘ఏలోహీం’ అన్న భాగాలను ఒక వరుసలో, ‘యెహోవా’ అన్న భాగాలను పక్క వరుసలో పేర్చి చూశాడు. ఏ వరుసకు ఆ వరుస చాలావరకు తనంతట తానే కథగా నడిచింది. మోషే తనకు అందిన పాత పత్రాలను కలిపి ఉంటాడని ఆయన తేల్చాడు. తెలుగు బైబిల్లోనూ మొదటి అధ్యాయంలో ‘దేవుడు’, రెండో అధ్యాయంలో ‘దేవుడైన యెహోవా’ కనిపిస్తాయి.

ఆ తీగను జర్మన్ పండితులు లాగారు. యోషీయా రాజు కాలంలో దేవాలయంలో దొరికిన గ్రంథానికీ ద్వితీయోపదేశకాండానికీ ఉన్న సంబంధాన్ని 19వ శతాబ్దం తొలినాళ్లలో డె వెట్టె గట్టిగా ముందుకు తెచ్చాడు. 1878లో వెల్‌హౌజెన్, ఈ కాండాలు నాలుగు మూలపత్రాల నుంచి కూర్చినవన్న సిద్ధాంతానికి స్పష్టమైన రూపమిచ్చాడు. తన బోధన విద్యార్థులను పాదిరి పనికి సిద్ధం చేయడం లేదని, 1882లో వేదాంత ఆచార్య పదవిని తానే వదులుకున్నాడు. అంతకు ముందే, 1872లో, నీనెవె మట్టిపలకల మీద నోవహు కథను పోలిన మరో జలప్రళయ గాథను జార్జ్ స్మిత్ చదివాడు. 1901లో గుంకెల్ ఇంకా లోతుకు వెళ్లి, రాతకు ముందు జనం నోట నడిచిన కథల జాడ పట్టాడు.

నాలుగు మూలాల లెక్క మీద ఇప్పుడు పండితుల్లో గట్టి వాదనలున్నాయి. అయినా ఈ కాండాల్లో అనేకుల చేతులున్నాయన్నది విద్యాలోకంలో చాలామంది ఒప్పుకునే మాట.

ఈ పరిశోధన పవిత్ర గ్రంథాన్ని ముక్కలు చేసిందని బాధపడేవారున్నారు. నాకు మాత్రం అది ఆ కూర్పరుల మీద గౌరవం పెంచింది. రెండు కథనాలు చేతికొస్తే ఒకదాన్ని చెరిపేసి రెండోదాన్ని నున్నగా దిద్దుకోవడం సులువు. ఎవరి పెద్దలు చెప్పిన మాటనూ పోనివ్వకూడదనుకున్న వాళ్లు, లెక్క కుదరకపోయినా రెండింటినీ నిలిపారు.