రోజీ మారింది, షౌక్ మిగిలింది

ఈరోజు మన పెద్దల నౌకరీల గురించి, వాళ్ల ముతాలా గురించి కొంచెం తారీఖ్ చెప్పుకుందాం.

1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టి సైన్సు, కానూన్, తిబ్ కితాబులను ఉర్దూలోకి తెచ్చే కామ్ మొదలుపెట్టారు. అదాలత్, దఫ్తర్ అన్నీ ఉర్దూలోనే నడిచేవి. ఉర్దూ చదివితే రోజీ దొరికేది.

1948 పోలీసు చర్య తర్వాత యూనివర్సిటీ ఇంగ్లిషుకి మారింది. 1966లో తెలుగు అధికార భాషా చట్టం వచ్చింది. ఉర్దూ ముసద్దాలు రాసిన చేతులు నడివయసులో కొత్త అక్షరాలు దిద్దాయి, లేదంటే వేరే పేషా వెతుక్కున్నాయి.

షౌక్‌ని మాత్రం ఏ హుకుమత్ మార్చలేదు. 1949లోనే 'సియాసత్' అఖ్బార్ మొదలైంది. 1891 నాటి ఆసఫియా కుతుబ్‌ఖానా అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటికీ ఉంది.

నేను స్కూలు ఉర్దూలో, డిగ్రీ తెలుగులో చదివాను. తెలుగు సహాఫత్ నాకు రోటీ పెడుతోంది, రాత్రి ముతాలా ఉర్దూలోనే. మన పిల్లలు షేర్లు వింటారు గానీ సఫా చదవలేరు. రోజీ ఇచ్చే జబాన్ తప్పక నేర్పండి. దాంతోపాటు రోజూ ఒక్క సఫా ఉర్దూ చదివించండి.