గోడలో తీగ ఎటు పోయింది?

మా మేనల్లుడు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో రెండేళ్లు ఉద్యోగం వెలగబెట్టి, చివరికి సొంత వూరు మెదక్ చేరుకుని రాందాస్ చౌరస్తాకి దగ్గర్లో రెండు గదులు అద్దెకి తీసుకుని ఆఫీసు తెరిచాడు. కొత్తగా కట్టే ఇళ్లకీ, బళ్లకీ, ఫంక్షన్ హాళ్లకీ కరెంటు డిజైన్లు గీసిస్తాడు. ఒకప్పుడు పేరుకి మెదక్ జిల్లాయే గానీ కలెక్టరాఫీసు ఉండేది సంగారెడ్డిలో. 2016 అక్టోబరు 11న ఆ వింత తీరిపోయి మెదక్ తన పేరు గల జిల్లాకి తానే కేంద్రమయింది. ఆఫీసులొస్తే ఉద్యోగులొస్తారు, ఉద్యోగులొస్తే ఇళ్లు లేస్తాయి. అదీ వాడి ధైర్యం.

పోయిన దసరాకి వెళ్తే వాడు పండగ మొహంతో లేడు.

"అత్తమ్మా, ఏ సాఫ్ట్‌వేర్ కొనాల్నో సమజైతలేదు. ఒక్కటి తీసుకుంటే ఇంకోటి కావాలంటరు. పైసలన్నీ దీనికే పోతయి" అన్నాడు.

నేను బి.ఏ. చదివినదాన్ని. నా చేతిలో నడిచిన యంత్రం ఇంకు పెన్ను ఒక్కటే. అయినా వాడు అడగ్గానే నా కుడిచెయ్యి జివ్వుమంది. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో నాన్నగారి ఫొటో తగిలించడానికని గోడకి మేకు కొట్టాను. చక్కటి గోడ, నున్నగా సున్నం వేసిన గోడ. రెండో దెబ్బకి మెరుపు మెరిసింది. స్టూలు మీంచి ఎప్పుడు కింద పడ్డానో తెలీదు. ఇల్లంతా చీకటి. చెయ్యి సాయంత్రందాకా నాది కాదు. వైరింగు చేసిన కాంట్రాక్టరు ఎక్కడున్నాడో జాడ లేదు, అతను బొమ్మ గీసిచ్చిందీ లేదు. పైపు ఎటు పోయిందో కనుక్కోవడానికి మిస్త్రీ గోడ మూడుచోట్ల పగలగొట్టాడు. "స్విచ్చి కాడికెళ్లి నిట్టనిలువుగ పోవాలమ్మా, ఇట్ల ఏటవాలుగ ఎవడు పెట్టిండో" అని తల కొట్టుకున్నాడు. తీగ కలిసొస్తుందని ఎవడో అడ్డదారిలో పెట్టాడన్నమాట. అయిదారు గజాల తీగ మిగిలింది, నా ప్రాణం కూడా ఎలాగో మిగిలింది.

మా చిన్నతనంలో ఈ బాధ లేదు. గోడ మీద టేకు పట్టీ, పట్టీ మీద తీగ, బెత్తెడుకో క్లిప్పు. కళ్లున్నవాడికి కనిపించేది. తర్వాత మనకి అందం మీద మోజు పుట్టి, తీగని గోడలో పూడ్చి పైన సిమెంటు మెత్తడం మొదలుపెట్టాం. అప్పట్నించీ తీగ దారి తెలిసేది కాగితానికే. ఆ కాగితం పోయిందా, గోడకి మతిమరుపు వచ్చినట్టే.

మెదక్ చర్చి సంగతి వేరు. కరువు రోజుల్లో జనానికి ఇంత పనీ కూడూ దొరకాలన్న తలంపు కూడా కలిసి, చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మొదలై, పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రారంభమైన కట్టడం అది. రెండువందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, నూట డెబ్బయ్యయిదు అడుగుల శిఖరం. లోపలి రంగుటద్దాల కిటికీల్లో బొమ్మలు చూడాలంటే బయట ఎండ ఉండాలి. పొద్దు గూకితే అవి వట్టి నల్లటి అద్దాలు. వాటికి దీపాలు పెట్టే ఇంజనీరు సూర్యుడే గనక ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకపోయింది. ఇప్పటి మన కట్టడాలకి ఆ భాగ్యం లేదు, పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి.

ఇంజనీర్లు చేత్తో గీసిన కాలం మరీ పాతదేం కాదు. మా బంధువుల్లో ఒకాయన డ్రాఫ్టుమన్‌గా చేసేవాడు. ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీత. ఫ్యాను ఒక జానెడు జరపమన్నారంటే బ్లేడుతో పాతగీత గీకి మళ్లీ గీయడం, గీకుడు ఎక్కువైతే కాగితానికి చిల్లు. ఆ పైన అమ్మోనియా ప్రింటు. ఆయన ఇంటికొస్తే చొక్కాకి ఆ ఘాటు ఉండేదని ఆయన భార్య విసుక్కునేది. అయితే ఒకటుంది. ఆ ప్రింటు మడత విప్పితే చాలు, ఎవడైనా చదువుకోవచ్చు. ఫలానా కంపెనీ కళ్లజోడు పెట్టుకుంటేనే కనబడతానని అది ఎన్నడూ మొండికేయలేదు.

కంప్యూటరు తెర మీద గీయవచ్చని 1963లో అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి చూపించాడు. వెలుగు కలంతో తెరని తాకుతూ గీసే ఆ ప్రోగ్రాముకి స్కెచ్‌ప్యాడ్ అని పేరు. కానీ దాన్ని నడిపే యంత్రం ఒక గదినిండా ఉండేది. మనవైపు చూస్తే, 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావు మన తెలుగాయనే. రెండేళ్లు తిరక్కుండా, 1969లో అక్కడ టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారయింది. అంటే మెదక్‌కి కూతవేటు దూరంలో అనను గానీ, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరంలో. అయినా గీత గీసేవాడి బల్ల మీదకి కంప్యూటరు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

1982లో జాన్ వాకరూ అతని మిత్రులూ కలిసి కాలిఫోర్నియాలో ఆటోడెస్క్ కంపెనీ పెట్టి, ఆ ఏడాది చివర్లోనే చిన్న కంప్యూటరు మీద నడిచే ఆటోకాడ్ తెచ్చారు. అది అందరి చేతికీ ఎక్కింది. ఎక్కాక దాని ఫైలు, డి.డబ్ల్యు.జి. అంటారు, ఇంజనీర్ల మధ్య ఉత్తరాలు రాసుకునే భాషగా మారిపోయింది. భాష ఒక కంపెనీ సొంతమైతే ఎలా అని మిగిలినవాళ్లంతా 1998లో ఒక కూటమి కట్టి, ఆ ఫైలుని తామూ చదివే దారులు వెతుక్కున్నారు. 2016లో ఆటోడెస్క్ తన సరుకుల్లో చాలావాటిని శాశ్వతంగా అమ్మడం మానేసి అద్దెకివ్వడం మొదలెట్టింది. అద్దె కట్టినన్నాళ్లే పని. నాకిది వినగానే ఒళ్లు మండింది. మనం గీసిన గీత దగ్గరికి పోవడానికి మనమే అద్దె కట్టడమేమిటి?

మా వాడు నవ్వి, బల్ల మీద ఒక్కొక్కటీ చూపించాడు.

మొదట వాడు కొనబోయింది ఆటోకాడ్ ఎలక్ట్రికల్. పేరు చూసి మోసపోయే సరుకు అదే. ఎలక్ట్రికల్ అని ఉంది కదా అని ఇంటి వైరింగుకి పనికొస్తుందనుకుంటాం. అది ఫ్యాక్టరీ యంత్రాల కంట్రోలు ప్యానెళ్లు గీసుకోవడానికి. "మంచిగైంది, కొనకముందే ఎరుకైంది" అన్నాడు.

రెండోది రెవిట్. 2000లో వచ్చింది, 2002లో ఆటోడెస్కే ఆ కంపెనీని కొనేసింది. ఇందులో గీతలుండవు, వస్తువులుంటాయి. లైటు లైటని దానికి తెలుసు, ఏ బోర్డుకి తగిలించామో తెలుసు. ఒకచోట లైటు పెంచితే బోర్డు పట్టికలో లోడు దానంతటదే పెరుగుతుంది. ఏసీ గొట్టం, నీళ్ల పైపు, కరెంటు పైపు ఒకేచోట ఢీకొంటే ముందే చెబుతుంది. ఆస్పత్రి లాంటి పెద్ద కట్టడానికి బ్రహ్మాండం. రెండు పడగ్గదుల ఇంటికి దాన్ని తేవడం చీమని కొట్టడానికి రోకలి ఎత్తడమే.

మూడోది నాకు నచ్చింది. డయలక్స్ అని జర్మనీవాళ్లది, 1994 నుంచీ ఉంది, ఊరికే ఇస్తారు. గది కొలతలూ గోడ రంగూ ఇచ్చి దీపాలు పెడితే బల్ల మీద ఎంత వెలుతురు పడుతుందో లెక్క కడుతుంది. బడి గది మూలలో కూర్చున్న పిల్ల కళ్లు చికిలించుకుని చదవాలా వద్దా అన్నది ముందే తేలిపోతుంది. ఇక 1986 నాటి ఈటాప్ అనేది ఫ్యాక్టరీలూ సబ్‌స్టేషన్ల లెక్కలకి. "అది నాకిప్పుడు ఎందుకు?" అని వాడే పక్కన పెట్టేశాడు.

లోడు లెక్క మాత్రం మామూలు పట్టిక వేసి తనే కట్టుకుంటానన్నాడు. ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి వెయ్యరు గనక కొంత తగ్గించి లెక్కకట్టే పద్ధతి ఉందిట. అదెంత తగ్గించాలో యంత్రాన్ని కాదు, ఇల్లాలిని అడగాలని నేనన్నాను. పొద్దున ఏడింటికి గీజరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, మోటారు అన్నీ ఒక్కసారే తిరిగే ఇళ్లు నాకు తెలుసు. అందులో ఒకటి మాదే.

"ఆర్కిటెక్టు నీకు ఏ ఫైలు పంపుతాడురా?" అనడిగాను.

"డి.డబ్ల్యు.జి.నే, అత్తమ్మా."

"మిస్త్రీ ఏది చదువుతాడు?"

వాడు ఆలోచించాడు. "కాగితం."

చివరికి వాడు తీసుకున్నది డి.డబ్ల్యు.జి. చదివే, రాసే మామూలు గీత సాఫ్ట్‌వేరు ఒకటి, చవకది. దానికి తోడు డయలక్స్. పెద్ద పని చేతికొచ్చి, అడిగేవాడు అడిగిననాడు రెవిట్ అద్దెకి తెచ్చుకుంటాడు. ప్రతి పనికీ ఫైలుతో బాటు పి.డి.ఎఫ్. ఒకటీ, ప్రింటు ఒకటీ ఇస్తాడు. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ ఫైలు ఏ కంప్యూటరు తెరుస్తుందో ఎవరు చూడొచ్చారు?

మర్నాడు వాడి సైటుకి తీసుకెళ్లాడు. ఇటుక గోడల్లో గాళ్లు కొట్టి పైపులు పరిచారు, ఇంకా సిమెంటు పెట్టలేదు. బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయా అంటే అన్నీ లేవు. ఒకచోట దూలం అడ్డొచ్చి పైపు మూరెడు పక్కకి జరిగింది. అక్కడి మిస్త్రీ పెద్దవాడు, చదువు తక్కువే. మేస్త్రీని ఆపి, గోడకి టేపు ఆనించి పట్టుకుని, తన ఫోనుతో ఒక్కో గోడా ఫొటో తీస్తున్నాడు.

"ఎవరు చెప్పారన్నా ఇలా తియ్యమని?" అన్నాను.

"ఎవ్వరు చెప్తరమ్మా? మల్ల రేపు మేకు కొట్టేటోల్లు మీరే గదా" అన్నాడు.

మా వాడు ఆ రాత్రే ఆఫీసులో కూచుని ఫొటోలు చూసి బొమ్మలో పైపుని మూరెడు జరిపాడు. ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు అంటిస్తానన్నాడు.

మా ఇంట్లో నాన్నగారి ఫొటో ఇప్పటికీ బల్ల మీదే ఉంది.