లీజు కాగితంలో కనిపించని తుప్పు

నేను హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివాను. రెండో భాషగా హిందీ తీసుకున్నాను. అరవై దాటాక తెలుగు రాయడం మొదలుపెట్టాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

పోయిన ఆదివారం గుడిలో పులిహోర పంచుతుంటే ఒక కుర్రాడు వచ్చాడు. "అంకుల్, గ్యాస్ స్టేషన్ లీజుకి తీసుకుంటున్నాను. డబ్బు నాన్నగారు పెడుతున్నారు. ఈ కాగితం ఆయనకి తెలుగులో ఎలా చెప్పను?" అని అడిగాడు. 1997లో మా బావగారూ నేనూ ఇలాంటి కాగితం మీదే సంతకాలు పెట్టాం. అందుకే ఈసారి ఈ చరిత్ర రాస్తున్నాను.

అమెరికాలో కారు తిన్నగా లోపలికి వచ్చి పెట్రోలు పోయించుకునే బంకును గల్ఫ్ కంపెనీ 1913 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో తెరిచింది. తరవాత ప్రతి కూడలిలోనూ బంకులు వచ్చాయి. నిప్పు భయంతో ట్యాంకులను నేలలో పాతిపెట్టారు. అవి చాలావరకు పూత లేని ఉక్కు ట్యాంకులు. తడి మట్టిలో ఉక్కుకు తుప్పు పడుతుంది. చిన్న చిల్లు చాలు, పెట్రోలు బొట్టు బొట్టుగా కారి భూగర్భ జలంలో కలుస్తుంది. పైన ఉన్నవాడికి ఏమీ కనబడదు.

1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. విషపదార్థాలతో పాడైన నేలను బాగుచెయ్యడానికి చేసిన చట్టం అది. కానీ పెట్రోలియంను అందులోంచి మినహాయించారు. అందుకని 1984లో భూగర్భ ట్యాంకుల కోసం కాంగ్రెస్ వేరే చట్టం చేసింది. 1986లో కారుతున్న ట్యాంకుల కోసం ఒక నిధి పెట్టారు. గ్యాలనుకి సెంటులో పదోవంతు పన్ను ఆ నిధికి వెళ్తుంది. 1988లో నియమాలు వచ్చాయి. పాత ట్యాంకులకి తుప్పు పట్టకుండా, ఒలికిపోకుండా, పొంగిపోకుండా రక్షణ పెట్టాలి. లేకపోతే కొత్తవి వెయ్యాలి, లేదా మూసెయ్యాలి. గడువు పదేళ్ళు: 1998 డిసెంబరు 22.

ఇప్పుడు మా కథ. మేము సంతకం పెట్టేనాటికి ఆ గడువు ఏడాదిన్నర కూడా లేదు. మాకు తెలియదు. అద్దె తక్కువ అని సంతోషించాం. కాగితంలో రెండు మాటలు ఉన్నాయి. మొదటిది ట్రిపుల్ నెట్ లీజు. అంటే అద్దెతో పాటు ఆస్తి పన్ను, ఇన్సూరెన్సు, మరమ్మతులు కూడా అద్దెదారువే. రెండోది "యాజ్ ఈజ్". తెలుగులో "ఉన్నది ఉన్నట్టుగా". ఇంగ్లీషులో అవి చిన్న మాటలు. మా బావగారికి ఎవరైనా "నేల కింద ఏముందో అది కూడా నీదే బాబూ" అని చెప్పి ఉంటే ఆయన పెన్ను కింద పెట్టేవారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి నేనే. చెప్పవలసింది నేనే. చెప్పలేదు.

కొత్త ట్యాంకుల కోసం బ్యాంకుకి వెళ్ళాం. 1996 చట్టం ప్రకారం, తాకట్టు మాత్రమే పెట్టుకుని బంకు నడపని బ్యాంకుకి శుద్ధి ఖర్చు అంటదు. అయినా మట్టి పాడైతే తాకట్టుకి విలువ ఉండదు కదా. మాకు అప్పు రాలేదు. 1998 డిసెంబరులో బంకు మూసేశాం. మా బావగారు రెండేళ్ళు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు మాటలు నేర్చుకుందాం.

కౌలు అంటే పొలానికి లీజు. బంకుకి అందరూ లీజు అనే అంటారు. పెద్దవాళ్ళకి "కౌలు లాంటిదే" అంటే వెంటనే అర్థమవుతుంది.

పూచీ అంటే బాధ్యత నెత్తిన వేసుకోవడం. చట్టం ప్రకారం ట్యాంకు యజమానికీ, బంకు నడిపేవాడికీ ఇద్దరికీ పూచీ ఉంటుంది. పెట్రోలు అమ్మే బంకు ఒక్కో ప్రమాదానికి పది లక్షల డాలర్ల వరకు కట్టగలనని చూపించాలి. ఇన్సూరెన్సుతో చూపించవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో దీనికోసం రాష్ట్ర నిధి ఉంది.

ఫేజ్ వన్ అంటే తవ్వకుండా చేసే పరీక్ష. పాత పటాలు, పాత రికార్డులు చూస్తారు, స్థలం చుట్టూ తిరిగి చూస్తారు. అనుమానం వస్తే ఫేజ్ టూ. అప్పుడు నేలకి బెజ్జం వేసి మట్టి, నీళ్ళు తీసి ల్యాబుకి పంపుతారు.

శుద్ధి మన గుడి మాటే. పుణ్యాహవాచనం చేసి నీళ్ళు చల్లితే గుడి శుద్ధి అవుతుంది. మట్టి శుద్ధి అలా కాదు. చెడ్డ మట్టిని తవ్వి తీసెయ్యాలి, లేదా లోపలి ఆవిరిని గొట్టాలతో లాగాలి. ఏళ్ళు పడుతుంది.

ఫ్రాంచైజీకి 1978 చట్టం ఒకటి ఉంది. పెట్రోలు కంపెనీ కారణం లేకుండా ఒప్పందం తెంచకూడదు. మామూలుగా 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

ఆ కుర్రాడితో కూర్చుని ఈ మాటలు ఒక కాగితం మీద రాశాను. వాళ్ళ నాన్నగారిని గుడి మెట్ల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చెప్పాం. ఆయన ఊళ్ళో కౌలుకి పొలం చేసిన మనిషి. అంతా విని ఒకే ప్రశ్న అడిగారు.

"ఆ ట్యాంకు ఎవరిదిరా? ఎప్పుడు పాతిపెట్టారు?"

కుర్రాడు లీజు మొత్తం తిరగేశాడు. ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా లేదు. సంతకం ఆపి, ఆ రెండు ప్రశ్నలూ రాసి యజమానికి పంపాడు. ఆ రాత్రి మా బావగారికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత "మంచి పని చేశావు" అన్నారు.